వెండి డాలరు

"గుచ్చుకోదులే నాన్నా, పెట్టెయ్" అన్నాడు వాడు, పెదవి కదపకుండా.

నా చేతిలో గోరంత బంగారు రంగు బార్, అమెరికా సైన్యంలో కొత్త ఆఫీసరు భుజాన పెట్టే గుర్తు. అటు భుజం మీద వాళ్ళమ్మ ఎప్పుడో పెట్టేసింది. నాకేమో పిన్ను దూరడం లేదు. చెయ్యి ఒకటే వణుకు.

కాలేజీలో చేరిన కొత్తల్లో ఆర్‌ఓటీసీ, అదే చదువుతూనే సైన్యంలో ఆఫీసరయ్యే శిక్షణ, అనగానే నేనడిగింది ఒకటే, "స్కాలర్‌షిప్ వస్తుందా?" రాలేదు. "మరెందుకురా తెల్లారకుండానే ఆ పరుగులు?" స్కాలర్‌షిప్ లేనివాళ్ళు మొదటి రెండేళ్ళలో ఎప్పుడైనా మానేయొచ్చట. మానేస్తాడనుకున్నా. నిజం చెప్పాలంటే, మానేస్తే బాగుండుననుకున్నా.

మూడో ఏడు సైన్యంలో పనిచేస్తానని సంతకం పెట్టేశాడు. నెలకు 420 డాలర్ల స్టైపెండ్. ఫీజు మాత్రం మా లోన్లే. ఆ వేసవి ఫోర్ట్ నాక్స్ సైనిక శిక్షణ క్యాంపు నుంచి వచ్చాక పాదాల నిండా బొబ్బలు. వాళ్ళమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, వాడు ఆవకాయన్నం మూడోసారి కలుపుకుంటున్నాడు.

ఇవాళ మొదటి సెల్యూట్ కొట్టిన సార్జెంట్ చేతిలో వెండి డాలరు పెట్టాడు. అది వీళ్ళ ఆనవాయితీ. వాడి కంటే పదిహేనేళ్ళు పెద్దాయన, వీణ్ణి "సర్" అన్నాడు. నాకు ఒక్క క్షణం ఎవరినన్నాడో అర్థం కాలేదు.

పక్కన నిలబడ్డ స్కాలర్‌షిప్ కుర్రాడి భుజం వంక కూడా చూశానండోయ్, తేడా ఏమైనా ఉందేమోనని. అదే బార్.

గుంటూరులో నిద్ర మానుకుని వీడియో కాల్లో అంతా చూసిన మా అమ్మ అడిగింది ఒకటే: "పెళ్ళికి సెలవిస్తారటరా?"