మా కోళ్లకి నట్టల మందు దొరికేసరికి

మా నాటుకోళ్లు తేరుకున్నాయి. నా కోపం మాత్రం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

మాది నెల్లూరు జిల్లా పొదలకూరు మండలంలో ఒక పల్లె. కార్తీక మాసం వానలకి పెరడంతా చిత్తడి అయింది. ఆ తర్వాత కోళ్లు ఎంత తిన్నా ఒళ్లు చేయలేదు. చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక గుచ్చుకునేది. జుట్టు ఎరుపు పోయి పాలిపోయింది, గుడ్లు తగ్గాయి. ఊళ్లో అందరూ కొక్కెర తెగులన్నారు. కొక్కెర అయితే మెడలు తిరిగి, పచ్చగా పారి, వరసగా చచ్చిపోతాయి. మావి నెమ్మదిగా చిక్కిపోతున్నాయి. ఒకరోజు రెట్టలో తెల్లగా, వేలెడు పొడుగున పురుగు కదులుతూ కనిపించింది. ఏలికపాము, పేగుల్లో పెరిగే నట్ట.

రెట్టని చిన్న డబ్బాలో పెట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లా. 2024 ఫిబ్రవరిలో మా మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ వచ్చింది. అప్పట్నుంచి ఇక్కడ కోడి జబ్బంటే భయమే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ టేబుల్ దగ్గరున్నాయనది భయం కాదు, చులకన. "ఏందమ్మా ఇది, రెట్ట పట్టుకోని లోపలికొస్తావా? కోడికి పరీక్షేంది, కోసుకోని తినండి" అన్నాడు. గేదెలు తోలుకొచ్చినవాళ్లంతా నవ్వారు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బయట నిలబడమన్నాడు. ఎండెక్కేదాకా నిలబడ్డా, ఆయన ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. మళ్లీ అడిగితే, "మేకల మందే ఒక మూత పోయి, పో" అన్నాడు. కోడి బరువెంత, మేక బరువెంత! అది మందు చెప్పే పద్ధతేనా? పాడి ఉన్నవాళ్లకేనా ఆసుపత్రి? మా పిల్లల నోటుపుస్తకాలు గుడ్ల డబ్బుతోనే కొంటాం.

నేను కదల్లేదు. డాక్టరమ్మ వచ్చాక డబ్బా ఆమె చేతికే ఇచ్చా. రెట్టని చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి, పైకి తేలినదాన్ని మైక్రోస్కోపు కింద చూసి, పురుగు గుడ్లున్నాయని చెప్పారు. నేను పొద్దుట్నుంచి చెబుతున్నదీ అదే.

పైపరజీన్ అనే నట్టల మందు రాశారు. మోతాదు కోళ్ల బరువుని బట్టి ఆమే లెక్కకట్టారు. రాత్రి నీళ్లు తీసేసి, పొద్దున్నే మందు కలిపిన నీళ్లు పెట్టా. దాహం మీద అన్నీ తాగాయి. మర్నాడు రెట్టల్లో పురుగులు పడ్డాయి. ఈ మందు పెద్ద పురుగులనే చంపుతుంది, పేగు గోడలో ఉన్న పిల్ల పురుగులు మిగులుతాయి. అందుకే మూడు వారాలకి మళ్లీ వేయాలి. డాక్టర్ చెప్పిన గడువు దాకా గుడ్లు తినకూడదు, అమ్మకూడదు. రెట్టలో బియ్యపు గింజల్లాంటి ముక్కలుంటే అవి బద్దెపురుగులు, వాటికి మందు వేరు.

మందు ఒక్కటే చాలదు. రెట్టతో పడ్డ పురుగు గుడ్లు తడి నేలలో నెలల తరబడి బతుకుతాయి, కోడి ఆ మట్టి పొడిస్తే మళ్లీ కడుపులోకే. గూట్లో తడిసిన పొట్టు ఊడ్చి అవతల పారేశాం. మేత ఇప్పుడు తొట్టిలోనే వేస్తున్నా. చుట్టుపక్కల వాళ్లు వేపాకు, వెల్లుల్లి పెట్టమంటారు. పెట్టుకోండి, కానీ రెట్టలో పురుగు కనిపించాక వాటిని నమ్ముకుని కూర్చోవద్దు.

మా వైపు వాళ్లు ఎవరైనా వెళితే టేబుల్ దగ్గరాయనతో మాట పెట్టుకోవద్దు. డబ్బా మీద మూత గట్టిగా బిగించి, డాక్టర్ వచ్చేదాకా అక్కడే కూర్చోండి.