ఆంప్‌లో గుంయ్ చప్పుడు: ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకునే పని

శనివారం

హాల్లో ఉన్నవి ఇంటిగ్రేటెడ్ ఆంప్ (పాట సిగ్నల్‌ని పెంచి స్పీకర్లకు పంపే పెట్టె), రెండు స్పీకర్లు, టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్), టీవీ. పాటకీ పాటకీ మధ్య సన్నగా గుంయ్‌మంటూ ఉండే చప్పుడు వదిలించాలని కూర్చున్నాను. వాల్యూమ్ సున్నాకి తిప్పితే పోయింది. అంటే స్పీకర్లను నడిపే పవర్ ఆంప్ భాగం బాగానే ఉంది, హమ్ (ఈ గుంయ్ చప్పుడు) అంతకు ముందే ఎక్కడో కలుస్తోంది. ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ (చప్పుడులో ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో చూపేది) తెరిస్తే 50, 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర గీతలు లేచాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ఇది కరెంటు నుంచి వస్తున్నదే. 50 దగ్గర ఏమీ లేకుండా 100 దగ్గర, దాని గుణిజాల దగ్గర మాత్రమే లేస్తే ముందుగా ఆంప్ లోపల కరెంటును సమంగా చేసే ఫిల్టర్ కెపాసిటర్లను అనుమానించేవాణ్ణి.

ఇన్‌పుట్లన్నీ పీకేసి ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చాను. టీవీ వైరు పెట్టగానే గుంయ్. టీవీ సెట్‌టాప్ బాక్స్ వెనక కోయాక్సియల్ కేబుల్ (బయటి నుంచి టీవీ సిగ్నల్ తెచ్చే వైరు) మర విప్పగానే నిశ్శబ్దం. దొరికింది!

ఆంప్‌కి మూడు పిన్నుల ప్లగ్ కాబట్టి అది ఇంటి ఎర్త్‌కి కలిసి ఉంది. బయటి నుంచి వచ్చే కేబుల్ పైతొడుగు ఇంకెక్కడో ఎర్త్ అయ్యి వస్తోంది. ఈ రెండింటి మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా ఉన్నా ఆడియో వైరు షీల్డ్ (లోహపు పైతొడుగు) గుండా కరెంటు పారుతుంది. అదే స్పీకర్లో హమ్‌గా వినిపిస్తుంది.

ఆదివారం

తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని అడిగితే, "ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ వైరు తీసెయ్యండి సార్, చప్పుడు పోతుంది" అన్నాడు. పోతుంది, నిజమే. కానీ లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున ఆంప్ డబ్బా మీదికి 230 వోల్టులు వస్తాయి. ఎర్త్ లేకపోతే ఎంసీబీ (కరెంటును ఆపే స్విచ్) పడదు. పిల్లలు చేయి వేసే డబ్బా అది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

నేను చేసింది: టీవీ ఆప్టికల్ అవుట్ నుంచి చిన్న డాక్‌కి (డిజిటల్ సిగ్నల్‌ని మామూలు ఆడియోగా మార్చే డబ్బా), అక్కణ్ణుంచి ఆంప్‌కి. ఆప్టికల్ వైరులో వెళ్లేది వెలుతురే, లోహం లేదు కాబట్టి ఎర్త్ దారి అక్కడే తెగిపోయింది. కేబుల్ మళ్లీ బిగించినా చప్పుడు లేదు. ఆప్టికల్ అవుట్ లేని టీవీ అయితే మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (రెండు వైపులా వైర్లు కలవకుండా పాటను మాత్రమే దాటించేది) పెట్టొచ్చు. మరీ చౌక రకాల్లో బేస్ తగ్గుతుంది, విని చూసుకుని కొనండి.

ఇక మిగిలింది టర్న్‌టేబుల్. దాని సూది ఉండే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది సాధారణంగా 5 మిల్లీవోల్టుల చుట్టుపక్కలే. టర్న్‌టేబుల్ సిగ్నల్‌ని పెంచే ఫోనో స్టేజ్ దాన్ని సుమారు 40 డెసిబెల్స్ పెంచుతుంది. రికార్డులో తగ్గించి ఉంచిన బేస్‌ని తిరిగి పెంచే ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్ వల్ల 50 హెర్ట్జ్ దగ్గర ఇంకో 17. మొత్తం మీద 700 రెట్లు! అందుకే ఇక్కడ ప్రతి చిన్న లోపమూ వినిపిస్తుంది. టర్న్‌టేబుల్ నుంచి ఆంప్‌కి వెళ్లే గ్రౌండ్ వైరు కొసను ఉప్పుకాగితంతో రుద్ది మర గట్టిగా బిగిస్తే సగానికి పైగా తగ్గింది. మిగతాది టోన్‌ఆర్మ్‌ని (కార్ట్రిడ్జ్‌ని మోసే చేయి) ఆంప్ వైపు జరిపితే పెరుగుతోంది, దూరం జరిపితే తగ్గుతోంది. అది ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం పని, ఎర్త్‌తో సంబంధం లేదు. ఇక టర్న్‌టేబుల్‌ని వేరే అరలోకి మార్చాలి. ఆడియో వైర్లను కరెంటు వైర్ల పక్కన నడపకుండా, దాటాల్సిన చోట అడ్డంగా దాటించాలి. కొత్త అర కొలతలు వడ్రంగికి ఇచ్చాను.