చెట్టులో పేరు ఒకటి, కొమ్మ చివర ఊరు ఇంకొకటి

గునుపూర్ బియ్యం మిల్లు గుమాస్తాగారు మధ్యాహ్నం పన్నెండున్నరకు ఫోన్ చేశారు. "అమ్మా, బస్తా ఎత్తితే హమాలీ తొమ్మిది వందల తొంభై తొమ్మిది రూపాయలని బిల్లులో వస్తోంది. నిజమైతే చెప్పు, ఈ లెక్కలు మానేసి నేనూ మోతకు దిగుతాను" అన్నారు. ఆయన నవ్వుతున్నారు. నా అరచేతులు చల్లబడ్డాయి. ఆ 999 గంట క్రితం నేను పెట్టిన అంకె. పెట్టింది మాత్రం మార్పులు పరీక్షించుకునే మా ప్రయోగ సర్వర్‌లో. అలాగని నేను అనుకున్నాను.

పర్లాకిమిడిలో నలుగురం పనిచేసే చిన్న సంస్థ మాది. ఒడిశా వైపు గునుపూర్, రాయగడ, బరంపురం, ఆంధ్ర వైపు పాతపట్నం, టెక్కలి, పలాస ఊళ్లలోని మిల్లులకు, దుకాణాలకు, జీడిపప్పు వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మి, దాని బాగోగులు చూస్తుంటాం. ఒక్కో చోట లెక్కలన్నీ దాచే డేటాబేస్, పోస్ట్‌గ్రెస్, ఉన్న సర్వర్ ఒకటి ఉంటుంది. సర్వర్ అనగానే చల్లని గదిని ఊహించుకోకండి. గల్లాపెట్టె పక్కన, దేవుడి పటం కింద, అగరుబత్తి బూడిద రాలుతూ ఉండే మామూలు కంప్యూటర్ అది. అలాంటివి 23. అన్నిటినీ నా బల్ల దగ్గరి నుంచే, పోస్ట్‌గ్రెస్‌ను చూసుకునే పీజీఅడ్మిన్ అనే ప్రోగ్రాంలో చూసుకుంటాను.

పీజీఅడ్మిన్ తెరవగానే ఎడమ పక్కన చెట్టులా సర్వర్ల పేర్లు కనిపిస్తాయి. ఆ పేర్లు పెట్టేది మనమే. సర్వర్‌కు తన పేరు ఏమిటో తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. మొదట్లో ఎవరు చేరిస్తే వారికి తోచిన పేరు పెట్టారు: "కొత్తది", "కొత్తది 2", "మిల్లు", "బాబాయి షాపు". మా ఊరి పేరుతోనే తికమక. ఇంట్లో పర్లాకిమిడి అంటాం, ఒడిశా ప్రభుత్వ కాగితాల్లో పరలాఖెముండి, తొందరలో ఉన్నవారికి పర్లా. ఒకే హార్డ్‌వేర్ దుకాణానికి ఈ మూడు పేర్లతో మూడు ఎంట్రీలు ఉండేవి. జనం పలికే భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు కనుక ఎవరు ఎలా పలికినా నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ మూడు ఎంట్రీలనూ ముగ్గురం తెరిచి, మూడు వేర్వేరు దుకాణాలనుకుని ఒకే పట్టికను సరిచేసిన రోజు ఒకటి ఉంది.

పేర్లకన్నా పెద్ద చిక్కు చిరునామాలది. దుకాణాల్లో ఇంటర్నెట్ పెట్టెలన్నీ ఇంచుమించు ఒకే రకంవి. అందుకే టెక్కలిలో సర్వర్ 192.168.1.10, రాయగడలోనూ 192.168.1.10. బయటి నుంచి నేరుగా చేరే దారి పెట్టడం ప్రమాదం కనుక ఎస్‌ఎస్‌హెచ్ అనే ప్రోగ్రాంతో ఒక భద్రమైన సొరంగం, అంటే టన్నెల్, వేస్తాం: నా ల్యాప్‌టాప్‌లో ఒక పోర్టు (కనెక్షన్లు వచ్చే తలుపు నంబరు), దాని అవతలి కొసన దుకాణంలోని పోస్ట్‌గ్రెస్ పోర్టు 5432. పీజీఅడ్మిన్‌కు కనిపించేది నా ల్యాప్‌టాప్ పోర్టు మాత్రమే. దాని వెనుక టెక్కలి ఉందో రాయగడ ఉందో దానికి తెలియదు. చెట్టులో ఏ పేరు రాసి పెడితే ఆ పేరే చూపిస్తూ కూర్చుంటుంది.

ఆ రోజు జరిగింది ఇదీ. ముందు రోజు సాయంత్రం గునుపూర్ పని అత్యవసరంగా వస్తే, చేతికి వచ్చిన 5433 పోర్టు మీద టన్నెల్ వేశాను. 5433 మామూలుగా ప్రయోగ సర్వర్‌ది. పని అయ్యాక ఆ టన్నెల్ మూయలేదు. మర్నాడు ప్రయోగ సర్వర్‌కు టన్నెల్ వేస్తే, ఆ పోర్టు ఇప్పటికే వాడుకలో ఉందని ఎస్‌ఎస్‌హెచ్ ఒక ముక్క చెప్పి, తన మానాన తాను లోపలికి వెళ్లిపోయింది. పోర్టు దొరకకపోయినా ఎస్‌ఎస్‌హెచ్ ఆగదు. ఎగ్జిట్‌ఆన్‌ఫార్వర్డ్‌ఫెయిల్యూర్ అనే అమరికను ఎస్ అని మార్చితేనే ఆగుతుంది. లాగిన్ అయిందిగదా అని ఆ ముక్క నేను చదవలేదు. పీజీఅడ్మిన్‌లో "ప్రయోగం" మీద నొక్కాను. గునుపూర్ తెరుచుకుంది.

అక్కడైనా తలుపు తెరుచుకోకూడదు. తెరుచుకుంది, ఎందుకంటే 23 సర్వర్లకూ నేను ఒకే పాస్‌వర్డ్ పెట్టాను. గుర్తుపెట్టుకోవడం తేలిక అనుకున్నాను. వేర్వేరుగా ఉండి ఉంటే ప్రయోగ సర్వర్ పాస్‌వర్డ్‌ను గునుపూర్ తిప్పికొట్టేది, ఈ కథే ఉండేది కాదు. పైగా డేటాబేస్‌కు ఆదేశాలు, అంటే క్వెరీలు, రాసే ట్యాబ్‌లో ఆటో కమిట్ ఆన్‌లో ఉంది, అంటే ప్రతి మార్పూ వెంటనే ఖాయమైపోతుంది. షరతు ఏదీ లేకుండా అప్‌డేట్ నడిపాను. 14 రకాల హమాలీ రేట్లు ఒక్క క్షణంలో 999 అయ్యాయి. రాత్రి తీసిన బ్యాకప్ నుంచి ఆ 14 వరసలూ తిరిగి పెట్టి, అప్పటికే వెళ్లిన రెండు బిల్లులు రద్దు చేయించాను. గుమాస్తాగారు యజమానికి చెప్పలేదు. ఆ తర్వాత నెల రోజులు ఫోన్ చేసినప్పుడల్లా "ఈ రోజు మోత రేటు ఎంత?" అని అడగడం మాత్రం మానలేదు.

ఆ సాయంత్రమే పేర్లు మార్చాను. జీఎస్‌టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఇప్పుడు ప్రతి ఎంట్రీ ఆ అంకెలతోనే మొదలవుతుంది: "21 గునుపూర్ బియ్యం", "37 పాతపట్నం హార్డ్‌వేర్". మాకు ఇది అలంకారం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు చేరింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు మిగిలింది. దాంతో ఈ వీధిలోని దుకాణం ఆ ఊరికి సిమెంటు పంపితే అది అంతర్‌రాష్ట్ర అమ్మకం, పన్ను ఐజీఎస్‌టీ. అదే సిమెంటు రాయగడకు వెళ్తే సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ చెరి సగం. పన్ను పట్టికలు తాకేటప్పుడు ఏ గట్టున ఉన్నానో ముందుగా కళ్లకు తెలియాలి. సర్వర్ వివరాల్లో రంగు పెట్టే వీలుంది కనుక అసలు దుకాణాలన్నిటికీ ఎర్రటి నేపథ్యం, ప్రయోగానికి ఆకుపచ్చ ఇచ్చాను. ఎరుపు రోజూ చూస్తే అలవాటైపోతుందని మా తమ్ముడు అన్నాడు. నిజమే, అలవాటైంది.

చేత్తో టన్నెల్ వేయడం మానేశాను. పీజీఅడ్మిన్ సర్వర్ వివరాల్లోనే టన్నెల్‌కు ఒక భాగం ఉంది. అక్కడ రాస్తే ఏ ఎంట్రీ టన్నెల్ ఆ ఎంట్రీతోనే ఉంటుంది, పోర్టుల పంపకం గొడవ మనది కాదు. పాస్‌వర్డులు 23 వేర్వేరుగా పెట్టాను. ల్యాప్‌టాప్ మార్చినప్పుడు సర్వర్ల జాబితాను జేసన్ అనే టెక్స్ట్ ఫైలుగా తీసి కొత్తదానిలో చేర్చాను. పేర్లు, గుంపులు అన్నీ వచ్చాయి, పాస్‌వర్డులు రాలేదు. రాకూడదు కూడా. బీరువాలోని పుస్తకం చూసి 23 సార్లు టైపు చేస్తూ ఆ రూపకల్పన చేసినవారిని మెచ్చుకోవడం కష్టమే అయినా, మెచ్చుకున్నాను.

ఆటో కమిట్ ఆపేశాను. ఇది మరో రోగం తెచ్చింది. ఒక రోజు రాయగడ దుకాణంలో నిల్వ పట్టికలో ఒక వరస సరిచేసి, కమిట్ నొక్కకుండా భోజనానికి వెళ్లాను. ఆ వరస తాళం నా దగ్గర, అదే సరుకు అమ్మాలని చూస్తున్న కౌంటర్ అక్కడ. ముప్పావు గంట బిల్లు కదలలేదు. ఇలా తెరిచి వదిలేసిన లావాదేవీని తనంతట తానే తెంచే అమరిక పోస్ట్‌గ్రెస్ 9.6 నుంచి ఉంది. కాకపోతే మొదట సున్నా ఉంటుంది, అంటే ఎప్పటికీ తెంచదని అర్థం. నా యూజర్ వరకు అయిదు నిమిషాలు పెట్టుకున్నాను. భోజనానికి అది చాలదు, అదే నాకు కావలసింది.

ట్యాబులు మూయడం కూడా అప్పుడే నేర్చుకున్నాను. ప్రతి క్వెరీ ట్యాబ్ సొంతంగా ఒక కనెక్షన్ పట్టుకుంటుంది, చెట్టులో డేటాబేస్ విప్పితే దానికి ఇంకొకటి. పోస్ట్‌గ్రెస్ మామూలుగా 100 కనెక్షన్లు ఇస్తుంది, అందులో మూడు అన్ని అధికారాలూ ఉన్న సూపర్‌యూజర్‌కు అట్టిపెడుతుంది. పలాసలో ఒక ముసలి కంప్యూటర్‌కు మేము దాన్ని 20కి తగ్గించాం. నావి ఎనిమిది ట్యాబులు తెరిచి ఉంటే అక్కడి కౌంటర్‌కు తలుపు మూసుకుంది. అప్పుడు వచ్చే సందేశం "ఫేటల్" అని మొదలై, వెంటనే "సారీ" అంటుంది. ప్రాణాంతకమైన వార్త చెబుతూ క్షమాపణ అడిగే మర్యాద మా పాత పోస్ట్‌మాస్టర్‌గారి తర్వాత మళ్లీ ఇక్కడే చూశాను.

అసలు కనెక్ట్ కానప్పుడు ఏ సందేశం వచ్చిందో చూస్తే సగం పని అయినట్టే. నిరాకరించిందంటే యంత్రం బతికే ఉంది, పోస్ట్‌గ్రెస్ లేవలేదు. గడువు దాటిందంటే కరెంటో నెట్టో లేదు. అలాంటప్పుడు గునుపూర్‌కు ఫోన్ చేస్తే అక్కడి కుర్రవాడు "లైన్ నాహిఁ" అంటాడు. తెలుగులో అడిగినా కరెంటు కబురు ఒడియాలోనే చెబుతాడు.

ఇన్ని చేసినా పేరు పేరే, మనం అతికించిన కాగితమే. అందుకే సర్వర్‌నే అడగాలని చూశాను. నీ చిరునామా ఏమిటని క్వెరీ నడిపితే, టన్నెల్ గుండా వెళ్లాను కనుక, అన్నీ 127.0.0.1, అంటే ఈ యంత్రమే, అన్నాయి. ఎవరు వచ్చారని అడిగితే తలుపు వెనుక నుంచి "నేనే" అన్నట్టు. చివరకు తోచింది: ప్రతి దుకాణం డేటాబేస్‌లోనూ బిల్లు మీద ముద్రించడానికి ఆ దుకాణం జీఎస్‌టీ నంబరు ఉంది. 15 అక్షరాలు, ఇద్దరికి ఒకటే ఉండదు. ప్రయోగ సర్వర్‌లో ఆ చోట సున్నాలు పెట్టాను. ఇప్పుడు ఏ ట్యాబ్ తెరిచినా మొదటి క్వెరీ అదే.

నిన్న పలాసలో కొత్త జీడిపప్పు వ్యాపారి సర్వర్ చేర్చాను. జేసన్ ఫైలులో గునుపూర్ ముక్కనే నకలు చేసి, పేరు మార్చి, కొత్త పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లబోతే పాస్‌వర్డ్ తప్పన్నది. అలవాటు కొద్దీ పుస్తకంలో పై వరస చూసి టైపు చేశాను. తెరుచుకుంది. మొదటి క్వెరీ నడిపాను. 37తో రావలసిన నంబరు 21తో వచ్చింది. టన్నెల్ చిరునామా మార్చడం మరిచిపోయాను. ట్యాబ్ మూసి, లేచి వెళ్లి టీ తాగి వచ్చాను.