పెంగ్విన్ దారి తొక్కొద్దు
తిరుపతి నుంచి వెళ్లి అంటార్కిటికా ఓడ ఎక్కబోయేవాళ్లకి ఒక మాట. నేలపట్టులో గూడబాతుల్ని దూరం నుంచే చూస్తాం కదా, అక్కడా అంతే. పెంగ్విన్‌కి కనీసం 5 మీటర్ల ఎడం. అవి నడిచి నడిచి మంచులో కాలువలా పడిన దారుంటుంది, దాన్ని అస్సలు తొక్కొద్దు. మన బూటు దిగబడిన గుంటలో పడితే ఆ పొట్టి కాళ్లతో పైకి రావడం ఎంత కష్టమో! ముక్కున గులకరాయి పట్టుకుని గూటికి పోయే జెంటూ రకం పెంగ్విన్ ఎదురైతే ఆగండి, దారి దానిదే.

పెంగ్విన్ పిల్లల్ని చూడాలంటే జనవరి, తిమింగలాలకి ఫిబ్రవరి, మార్చి. దక్షిణ అమెరికా కొసకీ అంటార్కిటికాకీ మధ్య ఉన్న డ్రేక్ జలసంధి దాటడానికి దాదాపు 2 రోజులు, వాంతి మాత్ర ఓడ ఊగకముందే వేసుకోవాలి. చలికి కెమెరా బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, ఇంకోటి లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి. గదిలోకొచ్చే ముందే కెమెరాని సంచిలో మూసేయండి, లేదంటే లెన్స్‌కి చెమ్మ పడుతుంది.