అడవి ఇంటర్న్‌షిప్‌కు వెళ్తున్నారా? ఫారం సి పట్టుకెళ్ళండి

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే డిగ్రీ పిల్లలు అడవుల సంరక్షణలో ఇంటర్న్‌షిప్ ఎక్కడ దొరుకుతుందని అడగడం మొదలుపెడతారు. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి ఏడాది అయ్యాక 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ చెయ్యాలి, అదేదో మన్యంలోనే చేద్దామన్న ఆలోచన మంచిదే. అయితే చాలామంది మొక్కలు నాటడం, ర్యాలీ తీయడం మనసులో పెట్టుకుని వస్తారు. నీళ్ళు పోసే దిక్కులేక మే నెలలో నాటిన మొక్క జూన్‌ను చూడదు. పాడేరు వైపు గానీ ఉట్నూరు వైపు గానీ ఊళ్ళకు కావలసింది ఓపిగ్గా రాసేవాళ్ళు, కొలిచేవాళ్ళు, కాగితాలు వరసలో పెట్టేవాళ్ళు. అక్కడ విద్యార్థి చేయగలిగిన అన్నింటికన్నా విలువైన పని, సామూహిక అటవీ వనరుల హక్కు, అంటే తమ అడవిని తామే నిర్వహించుకునే హక్కు కోసం ఊరు పెట్టుకునే దరఖాస్తు (ఫారం సి) లో గ్రామసభకు చేదోడుగా ఉండడం.

2006 అటవీ హక్కుల చట్టం అనగానే అందరికీ పోడు పట్టాయే గుర్తొస్తుంది. అదే చట్టంలోని 3(1)(ఐ) సెక్షన్, ఊరు తరతరాలుగా చూసుకుంటున్న అడవిని కాపాడుకునే, పెంచుకునే, నిర్వహించుకునే హక్కు ఊరికే ఇచ్చింది. అడవికి, వాగులకు, జంతుజాలానికి చేటు చేసే పనిని ఆపే అధికారం 5వ సెక్షన్ కింద గ్రామసభకు ఉంది. గ్రామసభ మాటకు ఎంత బలముందో ఒడిశాలోని నియమగిరిలో తేలింది. 2013లో సుప్రీంకోర్టు అక్కడి బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభల ముందు పెట్టమంటే, 12 సభలూ తవ్వకం వద్దన్నాయి.

పోడుకు ఫారం ఎ, కట్టెలు, మేత లాంటి ఉమ్మడి వినియోగానికి ఫారం బి, అడవిని నిర్వహించుకునే హక్కుకు ఫారం సి. చట్టం నియమాలకు 2012లో చేసిన సవరణతో వచ్చిన ఈ సి ఫారాన్ని వదిలేసి, బి నింపి పనైపోయిందనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. రెండోది ఇంకా చెడ్డది: హక్కు వన సంరక్షణ సమితి (వీఎస్ఎస్) పేరు మీద అడగడం. వీఎస్ఎస్ అటవీ శాఖ ఏర్పాటు చేసిన కమిటీ, హక్కుదారు గ్రామసభ. ఆ పేరు తప్పు పడితే మిగతా ఫైలు ఎంత బాగున్నా దండగే.

మొదటి వారం ఊళ్ళోకి పరుగెత్తకుండా ఆఫీసుల పని చూడండి. అటవీ, రెవెన్యూ మ్యాపులు, ఓటర్ల జాబితా గ్రామసభకు ఇవ్వాల్సింది, తర్వాత ఈ దరఖాస్తును పరిశీలించేది సబ్ డివిజనల్ కమిటీ. గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీ లెటర్ మీద అడిగించి, కాగితం అందినట్టు ఆఫీసు వేసే ఇన్‌వర్డ్ నంబరు, సీలు వేయించుకోండి. కదలిక లేకపోతే వెంటనే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. జవాబుకు గడువు 30 రోజులు, మీ ఇంటర్న్‌షిప్ రెండు నెలలు. మూడో వారంలో పెడితే ఆ జవాబుతో పని చేయడానికి మీకు మిగిలేది వారమో పది రోజులో.

ఇక హద్దు నడక, అంటే ఊరి అడవి సరిహద్దు వెంట నడిచి గుర్తించడం. అసలు పని ఇదే. తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరాలి, ఎండ ఎక్కాక పెద్దలను కొండ ఎక్కించడం తగదు. హద్దు ఎటు పోతుందో చెప్పేది వాళ్ళు, విద్యార్థి వెనక నడవాలి. ఒక చేతిలో జీపీఎస్, ఇంకో చేతిలో నోట్‌బుక్. నోట్‌బుక్‌లో ఈ గడులు గీసుకోండి: పాయింటు నంబరు, ఊరివాళ్ళు పిలిచే పేరు, అటవీ శాఖ రికార్డులో పేరు, చెప్పినవారు, అక్షాంశ రేఖాంశాలు, ఖచ్చితత్వం ఎన్ని మీటర్లు, ఫొటో నంబరు. ఆదివాసీ భాష కువి మాట్లాడే ఊళ్ళో కొండకు ఒక పేరుంటుంది, రికార్డులో ఇంకో పేరుంటుంది. రెండూ రాయకపోతే మ్యాపు చూసే అధికారికి అది ఎక్కడో తెలియదు, ఊరికి అది తమదని తెలియదు.

ఒక పాయింటు దగ్గర ఏం జరుగుతుందో చూడండి. పెద్దాయన ఒక మద్ది చెట్టు మొదట్లో చెయ్యి ఆనించి, ఇక్కడిదాకా మాది, గెడ్డ (వాగు) దాటితే పక్క ఊరిది అంటారు. చెట్టు కింద జీపీఎస్ ఖచ్చితత్వం 12 మీటర్లు చూపిస్తుంది, ఆకుల గుబురు సిగ్నల్‌ను అడ్డుకుంటుంది కాబట్టి. అక్కడే నొక్కేసి వెళ్ళిపోవద్దు. రెండు మూడు నిమిషాలు ఆగి 5 మీటర్లకు దిగుతుందేమో చూడాలి. దిగకపోతే పక్కనున్న బండ మీదికి వచ్చి తీసుకుని, "చెట్టుకు తూర్పున 15 అడుగుల బండ మీద" అని రాసుకోవాలి. అప్పుడే ఇంకో ప్రశ్న అడగాలి: ఈ గెడ్డలో చేపలు ఎవరు పడతారు? రెండు ఊళ్ళూ అంటారు. అది రాయడానికి ఫారం సిలో చోటుంది. సరిహద్దు గ్రామాల గడిలోనే వనరులు, బాధ్యతలు ఎలా పంచుకుంటున్నారో రాయవచ్చు. ఉమ్మడి హద్దు దగ్గరికి పక్క ఊరి పెద్దలను పిలిచి, అక్కడే ఇద్దరి సంతకాలు తీసుకుంటే తర్వాత తగువు రాదు.

ఆడవాళ్ళతో వేరే రోజు నడవండి. అడ్డాకులు, దుంపలు, కట్టెలు, ఎండాకాలంలోనూ ఎండని ఊటలు వాళ్ళకు తెలిసినంతగా మగవాళ్ళకు తెలియవు. ఇవన్నీ నియమాల్లో సాక్ష్యాలుగా ఒప్పుకున్నవే.

లెక్కల దగ్గర జాగ్రత్త. 17 డిగ్రీల 50 నిమిషాల 30 సెకన్లను దశాంశంలో రాస్తే 17.8417. తొందరలో 17.5030 అని ఎక్కిస్తే చుక్క 37 కిలోమీటర్లు దక్షిణానికి జారుతుంది, ఊరి దేవత గుడి ఇంకెవరి మండలంలోనో తేలుతుంది. అందరూ మొదటి రోజే ఒకే పద్ధతి పెట్టుకోండి. 1:50,000 టోపోషీటు (కొండలు, వాగులు చూపే సర్వే మ్యాపు) మీద మొద్దు పెన్సిల్ వాడకండి. మిల్లీమీటరు మందం గీత నేల మీద 50 మీటర్లు. అటవీ శాఖ అడవిని విడగొట్టి పెట్టుకున్న కంపార్ట్‌మెంట్ నంబరు తెలియకపోతే కంగారు పడక్కర్లేదు, ఫారంలోనే "ఉంటే, తెలిస్తే" అని ఉంది.

కనీసం రెండు సాక్ష్యాలు జతచేయాలి. ఎక్కువ ఊళ్ళు పెద్దల వాంగ్మూలం ఇస్తాయి. దరఖాస్తుదారులు కాని పెద్దలది కావాలని నియమం. ఇక్కడ ఊరంతా దరఖాస్తుదారే కదా, అందుకే పక్క ఊరి పెద్దది కూడా తీసుకోవడం మేలు. వాళ్ళ భాషలో విని, తెలుగులో రాసి, మళ్ళీ వాళ్ళ భాషలో చెప్పి సరేనన్నాకే వేలిముద్ర. మందు మొక్కలు దొరికే చోట్లు, పూజా స్థలాల ఫొటోలు మాత్రం గ్రామసభ ఒప్పుకుంటేనే ఫైల్లోకి వెళ్ళాలి. ఇన్‌స్టాగ్రామ్‌లోకి ఎప్పుడూ వెళ్ళకూడదు.

దరఖాస్తును అడవిలో సరిచూసే పరిశీలనకు వెళ్ళేముందు అటవీ, రెవెన్యూ శాఖలకు అటవీ హక్కుల కమిటీ రాతపూర్వకంగా తెలపాలి. వాళ్ళు హాజరై సంతకం చేయాలని 12ఎ నియమం చెబుతుంది. రాకుండా ఉండి, తర్వాత అభ్యంతరం పెడితే దరఖాస్తు పునఃపరిశీలనకు గ్రామసభకే తిరిగి వస్తుంది. రెండోసారీ రాకపోతే గ్రామసభ నిర్ణయమే ఖాయం. ఈ రక్షణ మొత్తం నోటీసు అందినట్టు చూపే ఆ చిన్న సీలు మీద నిలబడుతుంది. నోటీసు తేదీ పరిశీలన తేదీకన్నా ముందు ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి.

దరఖాస్తును ఆమోదించే గ్రామసభ తీర్మానం దగ్గర కూలిపోయే ఫైళ్ళు చాలా. సభలో సగంమంది సభ్యులుండాలి, వచ్చినవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. 140 మంది పెద్దవాళ్ళున్న ఊళ్ళో 70 మంది రావాలి, అందులో 24 మంది మహిళలు. ఇది ఊరి సభ, పంచాయతీ కేంద్రంలో పెట్టేది కాదు. తునికాకు కోత రోజుల్లో పొద్దున 11 గంటలకు పిలిస్తే ఎవరొస్తారు? సంత రోజు కాకుండా, రాత్రి భోజనాలయ్యాక పెట్టండి. ముందు తీర్మానం రాయాలి, చదవాలి, ఆ తర్వాతే సంతకాలు. ఖాళీ పేజీ మీద వేలిముద్రలు వేయించమని ఎవరు తొందరపెట్టినా విద్యార్థి ఆ పనికి చెయ్యి పెట్టకూడదు.

రెండు నెలల్లో హక్కు పత్రం వస్తుందని ఊళ్ళో ఎవరికీ మాటివ్వకండి. సబ్ డివిజనల్ కమిటీ నిర్ణయం మీద జిల్లా కమిటీకి అప్పీలు 60 రోజుల్లోపే. ఆ 60వ రోజు వచ్చేసరికి మీరు కాలేజీలో ఉంటారు. కాబట్టి పెద్ద అక్షరాలతో ఒక పేజీ రాసి అటవీ హక్కుల కమిటీ కార్యదర్శికి ఇవ్వండి: ఏ కాగితం ఎక్కడిచ్చాం, ఏ తేదీన, ఇన్‌వర్డ్ నంబరు ఎంత, జవాబొస్తే ఎన్నాళ్ళలో ఏం చెయ్యాలి. ఫైలు మూడు సెట్లు చేయండి. ఒకటి సబ్ డివిజనల్ కమిటీకి, ఒకటి అటవీ హక్కుల కమిటీ అధ్యక్షుల ఇంట్లో, ఒకటి ఇంకో సభ్యురాలి ఇంట్లో, వానకు తడవకుండా ప్లాస్టిక్ కవరులో. థర్మల్ కాగితం మీద వచ్చే రసీదులు ఏడాది తిరిగేసరికి తెల్లబడిపోతాయి, తీసుకున్న రోజే జిరాక్స్ తీసి వెనకే కుట్టేయండి.