ట్యాంకు మీద కాఫీ

నేను కువైటుకు వచ్చింది 2008లో, ఇంటి డ్రైవరు వీసా మీద. మొదట్లో కువైట్ టవర్స్ అంటే నాకు తెలిసింది పార్కింగే. బాబా (ఇంటి యజమానిని మేము పిలిచే పేరు) వాళ్ళింటికి చుట్టాలొచ్చినా, పిల్లల పుట్టినరోజులొచ్చినా గల్ఫ్ రోడ్డు పట్టుకుని పోయి టవర్స్ కాడ దించేవాణ్ణి. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, డోరు తీస్తూ "రూహ్" అనేది. రెండు గంటలకు ఫోను మోగితే "తాల్". రూహ్ అంటే పో, తాల్ అంటే రా. ఈ రెండు మాటలొస్తే ఇంటి డ్రైవరుకి సగం అరబ్బీ వచ్చినట్టే.

ఆ రెండు గంటలూ అక్కడే బండి పక్కన నిలబడేవాణ్ణి. శ్రీలంకోళ్ళు, బంగ్లాదేశోళ్ళు, మలయాళీలు, అందరమూ డ్రైవర్లమే. అందరి మెడలూ పైకే. మూడు స్తంభాలు, అందులో పెద్దదానికి రెండు గుండ్లు, రెండోదానికి ఒకటి, మూడోదానికి ఏమీ లేదు, ఉత్త సూదిమొన. గుండ్ల మీద నీలం, పచ్చ, బూడిద రంగుల్లో గుండ్రటి బిళ్ళలు. పెళ్ళిచీరకు చమ్కీలు కుట్టినట్టు ఎండకు తళుక్కుమంటాయి.

ఒకరోజు ఇరవై ఏళ్ళ బట్టీ ఇక్కడే ఉన్న మలయాళీ డ్రైవరొకాయన చాయ్ తాగుతూ అన్నాడు, అవి నీళ్ళ ట్యాంకులని. నేను నమ్మలేదు. టవరంటే టీవీదో సెల్లుదో ఉండాల గానీ, ఈ దేశమోళ్ళు నోట్ల మీద, స్టాంపుల మీద అచ్చేసుకునే బొమ్మ నీళ్ళ ట్యాంకేంది? ఆయన చాయ్ కప్పుతోనే చూపించాడు. పెద్ద టవరు కింది గుండులో సగం కింద నీళ్ళు, సగం పైన హోటలు. రెండో టవరు గుండు నిండా నీళ్ళే. "మరి మూడోది?" అన్నా. "అది ఆ రెండింటికీ లైట్లు వేసేది. మనలాంటిదే" అని నవ్వాడు.

ఆ రాత్రి రూములో పడుకుని సెల్లు తీసి చూశా. ఒక్కో టవర్లో నాలుగున్నర వేల ఘనపు మీటర్లు, అంటే 45 లక్షల లీటర్లు. ఎండాకాలం మా ఊరికొచ్చే ట్రాక్టర్ ట్యాంకరు ఐదు వేల లీటర్లది. బిందెలు వరసపెట్టి, ఒకరినొకరు తిట్టుకుని ఖాళీ చేసే ఆ ట్యాంకర్లు తొమ్మిది వందలు ఈ ఒక్క గుండులో పడతాయి. ఆ లెక్క కట్టాక ఇంక టవర్ని టవరుగా చూడలేకపోయినా.

ఈ దేశంలో నది లేదు. నూనె పడకముందు ఇరాక్ వైపున్న షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో నీళ్ళు తెచ్చుకుని అమ్ముకునేవాళ్ళట. 1953లో షువైఖ్‌లో సముద్రపు నీళ్ళు కాచి మంచినీళ్ళు తీసే ప్లాంటు పెట్టారు. అట్ల వచ్చిన నీళ్ళు చప్పగా ఉంటాయని, భూమిలోని ఉప్పునీళ్ళు కొంచెం కలిపి రుచి తెప్పిస్తారు. ఆ నీళ్ళు ఊరంతా అందాలంటే ఎత్తు కావాల గదా. స్వీడన్ ఇంజనీర్లొచ్చి పుట్టగొడుగుల్లాంటి ట్యాంకులు 31 కట్టారు. చారలు చారలుగా ఉంటాయి. అడ్రసు చెప్పేటప్పుడు మా డ్రైవర్లంతా "మష్రూం దాటినాక కుడికి" అనేది వాటినే. సముద్రం ఒడ్డున మిగిలిన చోటులో మాత్రం ఇంకొంచెం అందంగా కట్టండని ఈ దేశాన్నేలే అమీరు అడిగితే, మాలీన్ బ్యోర్న్ అనే ఆవిడ గీసిన బొమ్మ ఈ మూడు టవర్లు. 1979 మార్చిలో జనానికి తెరిచారు. ఆ మరుసటేడు మంచి కట్టడాలకిచ్చే ఆగాఖాన్ అవార్డు కూడా ఇచ్చారు. ట్యాంకుకు అవార్డు!

2012లో రిపేర్లని మూసేశారు. 2016 మార్చిలో మళ్ళీ తెరిచిన రాత్రి బాణసంచా కాల్చినప్పుడు కూడా నేను కిందే, బండి పక్కనే.

మా ఆమె కువైటుకు వచ్చింది ఆ తర్వాతనే. జహ్రాలో ఒక ఇంట్లో పని. వారానికి ఒకరోజు సెలవియ్యాలని 2015లో చట్టమైతే వచ్చింది గానీ, ఆ ఇంట్లో రెండు వారాలకొక శుక్రవారం ఇస్తే గొప్ప. ఒకే దేశంలో ఉన్నా ముప్పై కిలోమీటర్ల దూరంలో మా కాపరం సెల్లులోనే. ఆ శుక్రవారాల్లో ఆమె బస్సెక్కి కువైట్ సిటీలోని మాలియాకు వస్తుంది, నేనూ పోతా. అక్కడ ఫుట్‌పాత్ పొడవునా మనోళ్ళే. తెలుగులో గట్టిగా అరిచి మాట్లాడుకోవచ్చు, అదే సుఖం.

2018 జనవరిలో ఒక శుక్రవారం టవర్స్‌కి పోదామన్నా. "ట్యాంకా? టికెట్టు పెట్టి ట్యాంకు ఎక్కుతారా ఎవురైనా?" అంది. ఆమె అనేదీ నిజమే. మా ఊర్లో ట్యాంకు ఎక్కినారంటే దాన్ని కడిగేటోడైనా కావాల, ఇంట్లో అలిగి దూకుతానని బెదిరించేటోడైనా కావాల.

టికెట్ల కాడ ఆమె మనసులోనే రూపాయల్లోకి మార్చడం నాకు కనపడింది. దీనారుకు రెండు వందల పైచిలుకు. పెదాలు కదిలాయి, ఏమనలేదు. లిఫ్టులో చెవులు గడేసుకున్నాయి. ఆమె నా చొక్కా అంచు పట్టుకుంది. మాలియా ఫుట్‌పాత్ మీద ఎప్పుడూ పట్టుకోలేదు.

లోపల 1990 నాటి ఫోటోలు పెట్టినారు. ఇరాక్ సైన్యం వచ్చిపోయాక టవర్స్ ఎట్ల ఉండేవో అవి. పగిలిన అద్దాలు, విరగ్గొట్టిన సామాను. మా చిన్నాయన అప్పుడు ఇక్కడే ఉన్నాడు. ఇరాక్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో ఇండియా విమానం ఎక్కినాడు. లక్షా డెబ్బై వేల మందికి పైగా అట్లనే ఇంటికి చేరారు. చేతిలో ఒక్క సంచీతో ఊర్లో దిగినాడని మా నాయన చెప్పేవాడు. ఆ ఫోటోల ముందు మా ఆమె నిలబడి "మన చిన్నాయన ఇది చూసుంటాడా?" అంది. చూసుంటే కింది నుంచే చూసుంటాడు, తాపీ పనికి వచ్చినోడు.

పై గుండు 123 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అరగంటకు ఒక చుట్టు తిరుగుతుంది. కూర్చున్న కాసేపటికి ఆమె బల్ల గట్టిగా పట్టుకుని, "ఏమయ్యా, ఇది తిరుగుతాండాదా, నాకే తల తిరుగుతాండాదా?" అంది. కిటికీ చట్రాన్ని గురుతు పెట్టుకుని చూడమన్నా. దూరాన లిబరేషన్ టవర్ అనే ఇంకో టవరు చట్రానికి ఎడమ పక్కనుండేది, నిమ్మళంగా దాని వెనక్కి జరిగి మాయమైంది. అప్పుడు నమ్మింది. నమ్మినాక బల్ల వదిలేసింది.

ముందు సముద్రం వచ్చింది. గ్రీన్ ఐలాండ్, మనుషులు పోసి కట్టిన దీవి, పైనుంచి చూస్తే పళ్ళెంలో కొత్తిమీర చల్లినట్టు. తర్వాత షర్క్ వైపు అద్దాల బిల్డింగులు, వాటన్నిటి మీద ఒంటి మీద గుడ్డ చుట్టుకున్నట్టు నిలబడిన అల్ హమ్రా, 400 మీటర్లు దాటిన ఎత్తు. దాని ముందు మనమున్న టవరు 187 మీటర్లే, సగం కూడా లేదు. అయినా ఈ ఊరి బొమ్మ గీయమంటే ఏ పిల్లోడైనా గీసేది ఇదే.

"నేనుండే ఇల్లు యాడ?" అంది. జహ్రా పడమటి వైపు, అఖాతం చివర. చెయ్యి చూపించా. అటుపక్క అంతా దుమ్ము. తోజ్ అంటారు వీళ్ళు దుమ్ముగాలిని. అది లేచిన రోజు జహ్రా కాదు గదా, ఎదురు బిల్డింగే కనపడదు. ఆమె ఆ వైపే చూస్తూ, "కనపడకపోతే మేలే లే, ఈ పొద్దు శుక్రవారం" అంది. నేను పనిచేసే ఇల్లు దగ్గరే అయినా ఏ కప్పు ఏదో తెలియలేదు. కప్పు కప్పు మీదా తెల్ల ట్యాంకులు మాత్రం కనిపించాయి, వరసగా.

తిరిగి తిరిగి పార్కింగు వచ్చింది. బండ్ల పక్కన చీమల్లా మనుషులు. ఎవరూ పైకి చూడటం లేదు, అందరూ సెల్లు చూసుకుంటున్నారు. మా కాలంలో మేము పైకి చూసేవాళ్ళం, అప్పుడు సెల్లుల్లో ఇంత సినిమా ఎక్కడిది.

ఒక కాఫీ, ఒక ముక్క కేకు చెప్పినా, ఇద్దరికీ. హోటల్లో కూర్చుని తినాలంటే ఆ పూట ఖర్చు వేరే. ఆమె కాఫీ సాసర్లో పోసుకుని ఊదుతూ అడిగింది: "నీళ్ళు యాడున్నాయి?" కింది గుండులో అన్నా. కాఫీ వైపు చూసింది, నేల వైపు చూసింది. "ఇంత నీళ్ళ మీద కూర్చోని ఇంత బుల్లి కప్పులో ఇచ్చినారు" అంది. పక్క బల్ల ఫిలిప్పీన్స్ అమ్మాయిలు మా నవ్వు చూసి వాళ్ళూ నవ్వారు.

మధ్యాహ్నం మాలియాకు పోయి ఆంధ్రా మెస్సులో పప్పు, రసం, రెండుసార్లు అన్నం వేయించుకుని తిన్నాం. టవర్ మీద కేకు గురించి ఆమె ఒక్క మాటా అనలేదు. రసం మాత్రం బాగుందంది. ఐదింటికి జహ్రా బస్సు.

బాబా వాళ్ళకు మూడు బండ్లు. తెల్లారుజామున పిల్లల్ని బడికి దించేలోపు మూడూ కడగాల. అప్పటికి పదేళ్ళుగా పైపు పెట్టే కడుగుతున్నా. ఫిబ్రవరి 25, 26 పండగల్లో గల్ఫ్ రోడ్డు మీద పిల్లలు వాటర్ గన్నులతో బండ్లను తడిపేస్తే, అవి వచ్చి మళ్ళీ నీళ్ళతోనే కడిగినోణ్ణి. టవరెక్కిన మరుసటి పొద్దున పైపు తీయబుద్ధి కాలేదు. రెండు బకెట్లు, ఒక గుడ్డ పెట్టుకున్నా. మామా కిటికీలోంచి తొంగి చూసి, "పైపు పగిలిందా?" అని అడిగింది. లేదన్నా. ఆమెకు అర్థం కాలేదు, నేనూ చెప్పలేదు.

మూడో రోజుకు మళ్ళీ పైపే పట్టుకున్నా. ఆరింటికల్లా పిల్లలు బండెక్కాల. బకెట్లతో మూడు బండ్లు అయ్యే పని కాదు.