ఐదు కాండాలు ఎవరు రాశారు?

సికింద్రాబాద్‌లో మా వీధిలోనే ఉండే విశ్రాంత పాస్టరుగారిని, బైబిలులోని మొదటి ఐదు కాండాలూ మోషే రాసినవేనా అని అడిగాను. "మోషే రాశాడని వాటిలో ఎక్కడెక్కడ ఉందో ముందు వెతకండి బాబూ" అన్నారు అయ్యగారు. వెతికితే, ధర్మశాస్త్రాన్నీ ప్రయాణపు మజిలీలనూ మోషే రాశాడని అక్కడక్కడ కనిపించింది గాని, ఐదు కాండాలూ ఆయనవేనని వాటిలో ఎక్కడా లేదు. పైగా ద్వితీయోపదేశకాండం 34వ అధ్యాయంలో ఆయన మరణమే ఉంది. ఆ చివరి ఎనిమిది వచనాలను మోషే తరువాతి నాయకుడైన యెహోషువ రాశాడన్న అభిప్రాయం యూదుల ప్రాచీన వ్యాఖ్యాన గ్రంథమైన తల్ముదులోనే ఉంది. ఈ ప్రశ్న బయటివారు పుట్టించింది కాదన్నమాట.

అసలు చిక్కు జలప్రళయ కథలో ఉంది. ఆదికాండం 6వ అధ్యాయం ప్రతి జాతిలోనూ ఒక్కొక్క జతను ఓడలోకి తీసుకోమంటే, 7వ అధ్యాయం పవిత్ర జంతువులను ఏడేసి చొప్పున తీసుకోమంటుంది. ప్రళయం ఒకచోట 40 రోజులు, మరొకచోట నీళ్లు ప్రబలినది 150 రోజులు. 7వ అధ్యాయం 16వ వచనంలోనైతే ఆజ్ఞాపించినది 'దేవుడు', ఓడ తలుపు మూసినది 'యెహోవా'. ఈ పేర్ల తేడాను పట్టుకొని 1753లో ఫ్రెంచి వైద్యుడు ఝాఁ ఆస్త్రుక్ ఆదికాండాన్ని వేర్వేరు పాత కథనాలుగా విడదీశాడు. విచిత్రమేమిటంటే, వాటిని కూర్చినవాడు మోషేయేనని ఆయన నమ్మకం. 19వ శతాబ్దం చివర జర్మన్ పండితుడు వెల్‌హౌజెన్ ఐదు కాండాలూ నాలుగు వేర్వేరు రచనల కూర్పు అనే నాలుగు మూలాల సిద్ధాంతాన్ని స్థిరపరచి, వాటిలో ఒకటైన యాజకుల రచనను (ఆరాధన, బలుల నియమాలు ఎక్కువగా ఉన్నదాన్ని) బబులోను చెర తరువాతి కాలానికి, అంటే క్రీ.పూ. 6వ శతాబ్దంలో యూదులు బబులోనుకు బందీలుగా వెళ్లిన తరువాతికి నెట్టాడు.

ఇవి పలువురి చేతులు పడిన గ్రంథాలన్న మాట నాకు సమ్మతమే. అయితే ప్రతి వచనాన్నీ ఫలానా మూలానిదని పంచిపెట్టడం అతిశయంగా తోస్తుంది. అరణ్యపర్వశేషాన్ని ఎఱ్ఱన పూరించాడని మనకు ముందే తెలుసు కాబట్టి నన్నయ శైలితో పోల్చి చూడగలుగుతున్నాం. ఎవరూ చెప్పకపోయి ఉంటే, ఆ సరిహద్దును పద్యం పద్యంగా గీయడం ఎంతటి పండితుడికైనా సాహసమే అయ్యేది. 1970లలో జర్మన్ పండితుడు రెండ్‌టార్ఫ్ మొదలైనవారు నాలుగు మూలాల పద్ధతినే ప్రశ్నించిన తరువాత, జర్మనీలో సైతం పాత ఏకాభిప్రాయం నిలవలేదు.

కాలనిర్ణయం ఇంకా కష్టం. "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక" అని ఆరాధన ముగింపులో మన సంఘాల్లో వినే దీవెన సంఖ్యాకాండం 6వ అధ్యాయంలోనిది; దాన్ని యాజకుల రచనలో భాగంగా ఎంచుతారు. యెరూషలేము దగ్గర కెతెఫ్ హిన్నోములో 1979లో దొరికిన చిన్న వెండి రేకుల మీద దాదాపు అవే మాటలున్నాయి, అవి క్రీ.పూ. 600 ప్రాంతానివని ఎక్కువమంది పండితుల అంచనా. యాజకుల రచన ఆలస్యంగా పుట్టిందనేవారికి ఇది ఇబ్బందికరమైన సాక్ష్యమే గాని, సంఖ్యాకాండం అప్పటికే పూర్తయిందనడానికి ఆ రేకులు చాలవు, ఎందుకంటే గ్రంథం కంటే దీవెన ఎంతో ముందే యాజకుల నోట నలిగి ఉండవచ్చు.